కంచెయే చేను మేసినపుడు: ఆర్.ఎన్.ఏ. అతుకుపనిలోని తప్పులు, ఆటోఇమ్యూన్ వ్యాధులు

పశువులు పైరును మేయకుండుటకై రైతు చేనికి కంచె వేయును. ఆ కంచెయే చేనును మేయ మొదలిడినచో నతడు ఎవరితో మొఱపెట్టుకొనగలడు? కావలివారి ద్రోహమును గూర్చి మనవారు పలుకు ఈ సామెత వైద్యశాస్త్రమునందు అక్షరాల నిజమగుచున్నది. బయటినుండి వచ్చు సూక్ష్మజీవులను పట్టి చంపవలసిన రక్షకకణములు స్వదేహమునందలి కీళ్లనో, మూత్రపిండములనో, క్లోమమునో, మెదడునందలి నరముల తొడుగునో పరాయివిగా నెంచి వానిపై బడుట కలదు. కీళ్లను వంకరలు దీర్చు రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్, చర్మమునుండి మూత్రపిండముల వఱకు వ్యాపించు లూపస్, పసివారికి సైతము వచ్చు మొదటి రకపు మధుమేహము, నరములను క్షీణింపజేయు మల్టిపుల్ స్క్లెరోసిస్, థైరాయిడు గ్రంథిని ఉద్రేకపఱచు గ్రేవ్స్ వ్యాధి ఇట్టివి. వీనినన్నిటిని గలిపి వైద్యులు ఆటోఇమ్యూన్ వ్యాధులనుచున్నారు.

ఇవి ఎక్కడనో యొకరికి వచ్చు వింతరోగములని పాఠకులు తలంపరాదు. మన పట్టణములందు ఏ వీధిలో విచారించినను ఇట్టి రోగి యొకరు కానవత్తురు. పురుషులకంటె స్త్రీలకే ఇవి యధికము. లూపస్ రోగులు పదిమంది యున్నచో వారిలో తొమ్మండుగురు స్త్రీలే. అందును బిడ్డలను గని పెంచవలసిన వయస్సునందున్న వారే ఎక్కువ. ఈ బాధను కొందఱు వాతమందురు, కొందఱు వేడి యందురు, మఱికొందఱు గ్రహచార మందురు. పెండ్లికావలసిన పిల్లకు ఇట్టి రోగమున్నదని తెలిసినచో సంబంధము తప్పిపోవునను భయమున తలిదండ్రులు దానిని దాచి, వైద్యుని యొద్దకు గొనిపోవలసిన దినములను వ్యర్థము చేయుటయు మనమెఱిగినదే.

రక్షకకణములు ఇట్లేల పొరపడును? వంశానుగతమగు గుణములు, పూర్వము సోకిన అంటురోగములు, స్త్రీలయందలి హార్మోనులు, పొగాకు మున్నగు వానికన్నిటికిని ఇందు పాలుకలదు. అయితే గడచిన నలువది యేండ్లుగా మఱియొక కారణము బయలుపడుచున్నది. జన్యువునందలి వ్రాత సరిగానే యుండి, దాని నకలు తీయుటలో తప్పు జరిగినపుడు సైతము దేహమున అంతఃకలహము పుట్టవచ్చును. ఆ సంగతిని వివరించి, దానివలన మనకేర్పడు కర్తవ్యమును సూచించుటయే ఈ వ్యాసోద్దేశము.

అసలు దస్తావేజు, నకలు

భూములు గలవారికి దస్తావేజుల సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. అసలు పత్రము పెట్టెలో భద్రముగా నుండును. కచేరీలో చూపుటకు నకలు తీయుదుము. దేహమునందలి ప్రతి కణమునందును డి.ఎన్.ఏ. యనునది అసలు దస్తావేజు. అది కణకేంద్రమను పెట్టెను విడిచి బయటికి రాదు. ఏ ప్రోటీను కావలెనో దానికి సంబంధించిన భాగమునకు మాత్రము ఆర్.ఎన్.ఏ. యను నకలు తయారగును. ఆ నకలు కణకేంద్రమునుండి వెలువడి, ప్రోటీనులను కట్టు చోటికి పోయి, అక్కడ చదువబడును.

ఇంతవఱకు సులభమే. చిక్కంతయు ఇటుపైననున్నది. మన జన్యువులలో వ్రాత యేకధారగా నుండదు. పనికివచ్చు వాక్యము కొంత, పిదప దానితో పొత్తులేని వ్రాత పుటలకొలది, మరల పనికివచ్చు వాక్యము కొంత, ఇట్లు తునుకలు తునుకలుగా నుండును. పనికివచ్చు ఖండములకు ఎగ్జానులనియు, నడుమనుండు వానికి ఇంట్రానులనియు పేర్లు. మొదటి నకలులో ఈ రెండును గలసియే వచ్చును. పిదప ఇంట్రానులను కత్తిరించి తీసివైచి, ఎగ్జానుల కొసలను ఒకదానికొకటి అతుకవలెను. ఈ పనికే స్ప్లయిసింగు అని పేరు. అతుకు ఒక్క అక్షరము అటునిటైనను తరువాతి వాక్యమంతయు అర్థము చెడును.

జన్యువులిట్లు తునుకలుగా నుండునని 1977 వఱకు ఎవరును ఊహింపలేదు. ఆ సంవత్సరమున రిచర్డు రాబర్ట్సు, ఫిలిప్ షార్పు అను శాస్త్రజ్ఞుల బృందములు వేఱువేఱుగా దీనిని కనుగొనెను. అందులకు వారిరువురికిని 1993లో నోబెల్ బహుమానము లభించినది. ఆ 1977వ సంవత్సరముననే ఏప్రిలు 1వ తేదీన హైదరాబాదులో పుష్పమిత్ర భార్గవ నాయకత్వమున సెల్యులార్ అండ్ మాలిక్యులార్ బయాలజీ కేంద్రము, అనగా నేటి సి.సి.ఎం.బి., రూపుదాల్చుట మనకు జ్ఞప్తియందుంచుకొనదగిన సంగతి. ఈ శాస్త్రము పుట్టిన యేటనే దానిని నేర్చుటకు మన నగరమున ఒక పీఠము వెలసినది.

కత్తిరించి అతుకు యంత్రము సామాన్యమైనది కాదు. ఐదు చిన్న ఆర్.ఎన్.ఏ.లును, నూఱింటికి మించిన ప్రోటీనులును గూడి యేర్పడు ఈ పరికరమునకు స్ప్లయిసియోసోమని పేరు. ఇంట్రాను మొదట నుండు జి.యు. అను రెండక్షరములను, కడపట నుండు ఎ.జి. అను రెండక్షరములను, వాని చుట్టుపట్లనుండు మఱికొన్ని గుర్తులను బట్టి అది హద్దులను తెలిసికొనును. ఈ పనిలో అంచె అంచెకును శక్తి కావలెను. ఆ శక్తి నిచ్చు ఏ.టి.పి. యను పదార్థమును 1929లో సైరస్ ఫిస్కేతో గలసి లోకమునకు తెలిపిన వాడు 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. జర్మనీలో కార్ల్ లోమన్ సైతము అదే కాలమున దానిని కనుగొనెను. సుబ్బారావు పేరు ఈ కథలో మరల రానున్నది.

ఒక్క జన్యువు, పెక్కు రూపములు

నకలును కత్తిరించి అతుకుట వృథాశ్రమ యని కొందఱికి తోచవచ్చును. కాని ప్రకృతి దీనివలన గొప్ప పొదుపును సాధించుచున్నది. మనుష్యునకు ప్రోటీనులను కట్టు జన్యువులు సుమారు 20,000 మాత్రమే. ఇంత కొద్ది వ్రాతతో మెదడు, గుండె, చర్మము, రక్తము మున్నగు భిన్నాంగములన్నియు ఎట్లు నడచుచున్నవి? ఒకే నకలునుండి ఒకచోట నాలుగవ ఖండమును విడిచి, మఱియొకచోట దానిని చేర్చి, కణము తనకు కావలసిన రూపమును సిద్ధపఱచుకొనుచున్నది. తునుకలుగా నున్న మానవజన్యువులలో నూటికి 90కి పైగా ఇట్లు ఒకటికంటె ఎక్కువ రూపములను ఇచ్చునని 2008లో వెలువడిన పరిశోధనలు తెలిపినవి.

రక్షకకణములకు ఈ సౌకర్యము మిక్కిలి యవసరము. శత్రువు వచ్చినపుడు క్షణములలో విజృంభింపవలెను. పని తీరినపిదప చల్లబడవలెను. విజృంభించు రూపమును, చల్లబఱచు రూపమును పెక్కుచోట్ల ఒకే జన్యువునుండి అతుకుభేదముచేతనే పుట్టుచున్నవి. కావున అతుకుపనివాని చేయి తప్పినచో మొదట దెబ్బతినునది ఈ సమతూకమే.

ఇంటిచెంతనున్న నిదర్శనము

అతుకులోని తప్పు ఎంతటి కీడు చేయగలదో చూచుటకు దూరదేశములకు పోనక్కఱలేదు. అత్తాపూరు మీదుగా శంషాబాదు విమానాశ్రయమునకు పోవు త్రోవలో శివరాంపల్లి కలదు. 1998లో స్థాపింపబడిన తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ అక్కడ పనిచేయుచున్నది. తమ రక్తము తమకు చాలని బిడ్డలకు అక్కడ పరుల రక్తము నెక్కించుచున్నారు. ఆ బిడ్డలలో పెక్కుమందికి గల రోగము బీటా తలసేమియా. ఈ రోగమునకు కారణమగు జన్యుదోషములు వందలకొలది యున్నను, మన దేశమున తఱచుగా కానవచ్చునది యొక్కటే. హీమోగ్లోబిను జన్యువులోని మొదటి ఇంట్రానునందు ఐదవ యక్షరము జి. యుండవలసిన చోట సి. యుండుట.

పాఠకులు గమనింతురుగాక. తప్పు పడినది హీమోగ్లోబినును వర్ణించు వాక్యమునందు గాదు. కత్తిరించి పాఱవేయవలసిన ఇంట్రానునందు. అయినను ఆ యక్షరము హద్దురాయివంటిది. హద్దురాయి జరిగినందున అతుకుయంత్రము సరియైన గట్టును పోల్చుకొనలేక, దాపున నున్న దొంగగట్ల వద్ద కోయుచున్నది. సరియైన నకళ్లు మిక్కిలి తక్కువగా తయారగును, రక్తము పలుచబడును. తలిదండ్రులిరువురినుండియు ఈ దోషము సంక్రమించిన బిడ్డ జీవితాంతము రక్తదాతల దయపై బ్రదుకవలసి వచ్చును. పొలము చెక్కుచెదరకున్నను హద్దురాయి జరిగినంతనే ఎంత వ్యాజ్యము పుట్టునో మన భూస్వాములెఱుగుదురు.

తలసేమియా ఆటోఇమ్యూన్ వ్యాధి కాదు. అక్కడ ఒక్క జన్యువు, ఒక్క యక్షరము, ఒక్క ఫలము. లెక్క తేలికగా తేలును. రక్షకకణముల పొరపాటున లెక్క యింత తేలిక కాదు. అయినను అతుకులోని తప్పు అక్కడ పనిచేయు మార్గములు కొన్ని స్పష్టముగా తెలిసియున్నవి. వానిని వరుసగా చెప్పెదము.

పాఠశాలలో చూపని పుట

మొదటి మార్గము రక్షకకణముల శిక్షణకు సంబంధించినది. ఱొమ్ముయెముక వెనుక, గుండెకు పైభాగమున, థైమసు అను గ్రంథి కలదు. టీ-కణములను రక్షకభటులకు అది పాఠశాల. దేహమునందలి వివిధాంగముల ప్రోటీనుల తునుకలను అక్కడ వానికి చూపుదురు. వానిని చూచి రెచ్చిపోవు కణములు అక్కడనే నశించును. తనవారెవరో తెలిసినవి మాత్రమే బయటికి వచ్చును.

కాని పాఠశాలలో చూపిన పటము, ఇంటిలోనున్న మనిషి ఒకే రూపమున లేకున్న నేమగును? నరముల తొడుగునందుండు పి.ఎల్.పి. యను ప్రోటీను విషయమున ఇదియే జరిగినదని 2000లో ఎలుకలపై చేసిన పరిశోధన వెల్లడించినది. మెదడునందు ఈ ప్రోటీను నిండురూపమున నుండును. థైమసునందు మాత్రము అతుకుభేదముచేత 35 అమినో ఆమ్లముల తునుక లోపించిన కుఱుచరూపము తయారగుచుండెను. ఆ లోపించిన తునుకను ఎన్నడును చూడని టీ-కణములు బయటికి వచ్చి, మెదడునందు దానిని కాంచి, శత్రువని భ్రమించి పైబడుచుండెను. మల్టిపుల్ స్క్లెరోసిసును పోలిన వ్యాధికి లోనగు ఎలుకలలో దాడికి ముఖ్యలక్ష్యము సరిగా ఆ తునుకయందే యుండెను.

ఇట్టిదే మఱియొక నిదర్శనము 2001లో మనుష్యులయందు కనబడినది. మొదటి రకపు మధుమేహమున రక్షకకణములు గుఱిచేసికొను ప్రోటీనులలో ఐ.ఏ.-2 యనునది యొకటి. క్లోమమున దీని నిండురూపము కలదు. థైమసునందును ప్లీహమునందును పదుమూడవ ఖండము లోపించిన రూపము మాత్రమే కనబడినది. ఇందు భటుని దోషమేమున్నది? చూపని పుటను చదువలేదని విద్యార్థిని దండించుట న్యాయము కాదుగదా!

తెగిన కళ్లెము

రెండవ మార్గము కళ్లెమునకు సంబంధించినది. పాఠశాలను తప్పించుకొని వచ్చిన దుడుకు కణములను అదుపున నుంచుటకు దేహమున నియామకకణములు వేఱుగ కలవు. ఫాక్స్‌పి3 యను జన్యువు వానికి ఆధారము. ఇది చెడినచో పసిబిడ్డకు మధుమేహము, ఆగని విరేచనములు, చర్మపు తామర ఒక్కుమ్మడి వచ్చునని 2001లో తెలిసినది. ఐపెక్స్ అను పేరు గల ఈ రోగము మిక్కిలి యరుదు. జన్యువు ఎక్సు క్రోమోజోమునందుండుటచే మగబిడ్డలకే ఇది వచ్చును. చికిత్స లేనిచో ప్రాణాంతకము. దీనికి కారణమగు దోషములలో కొన్ని సరిగా అతుకు హద్దులయందే యున్నవి.

ఇంకను చిత్రమేమనగా, మనుష్యులయందు ఫాక్స్‌పి3 రెండు రూపములలో తయారగును. ఒకటి నిండైనది, రెండవది రెండవ ఖండము విడిచినది. రెండును పనికివచ్చునవే యని చాలకాల మనుకొనిరి. నిండురూపము లేక కుఱుచరూపముతోనే కాలము గడపు నియామకకణములు నిలుకడ దప్పి, ఆటోఇమ్యూన్ వ్యాధికి దారితీయునని 2022లో ప్రకటింపబడిన పరిశోధన చూపినది.

సీ.టి.ఎల్.ఏ.-4 అను మఱియొక కళ్లెము కలదు. ప్రతి మనుష్యునకు ఈ జన్యువు రెండు ప్రతులుండును. అందొకటి చెడినంతమాత్రముననే కొన్ని కుటుంబములలో ప్రేవులు, ఊపిరితిత్తులు, రక్తకణములు రక్షకకణముల దాడికి లోనగుచున్నవని 2014లో తెలిసినది. ఆ కుటుంబములలో కొన్నింట దోషము అతుకుస్థానముననే యుండెను.

విడివడిన గ్రాహకము

మూడవది పెక్కుమందియందు కొద్దికొద్దిగా పనిచేయు మార్గము. టీ-కణములపై ఐ.ఎల్.-7 అను సందేశమును పట్టుకొను గ్రాహకమొకటి యుండును. దానిని కణపుగోడకు బిగించి యుంచునది ఆఱవ ఖండము. అతుకులో ఆ ఖండము విడిపోయినచో గ్రాహకము గోడనంటక రక్తమున తేలుచుండును. ఆ ఖండమునందలి యొక్క యక్షరభేదము దానిని విడిచివేయుటను ఎక్కువచేయుననియు, అట్టివారికి మల్టిపుల్ స్క్లెరోసిస్ వచ్చు అవకాశము కొంచెము హెచ్చుననియు 2007లో తేలెను. పదియేండ్లకు, అనగా 2017లో, ఆ ఖండమును విడువక కాపాడు ప్రోటీను డి.డి.ఎక్స్.39బి యనియు, దాని జన్యువునందును భేదమున్నవారికి అపాయము మఱింత హెచ్చుననియు టెక్సాసులోని పరిశోధకులు కనుగొనిరి. దస్తావేజునందు ఒక చిన్న లోపము, దానికి తోడు నకలునవీసునందు ఒక చిన్న లోపము. వేఱువేఱుగా రెండును అల్పములే. కలసినపుడు బలము హెచ్చినవి.

లూపస్ రోగుల టీ-కణములలో అతుకుపనిని నడపు ఎస్.ఆర్.ఎస్.ఎఫ్.1 అను ప్రోటీను తగ్గియుండుటయు ఇట్టిదే. పర్యవేక్షకుడు కొఱవడిన కచేరీలో నకళ్లన్నియు కొంతకొంత తారుమాఱగునట్లు, ఆ కణములలో పెక్కు సందేశముల రూపము మాఱుచున్నది.

రోగులు శాస్త్రమునకు నేర్పిన పాఠము

ఈ కథలో అన్నిటికంటె వింతయైన యధ్యాయము లూపస్ రోగులది. 1966లో హెన్రీ కుంకెల్, ఎంగ్ టాన్ అను వైద్యశాస్త్రజ్ఞులు లూపస్ రోగి రక్తమున కణకేంద్రపు పదార్థమునొకదానిని పట్టు ప్రతిదేహమును కనుగొనిరి. ఆ రోగి యింటిపేరులోని మొదటి రెండక్షరములను బట్టి దానికి ఎస్.ఎం. అని పేరు పెట్టిరి. అది దేనిని పట్టుచున్నదో మాత్రము పదుమూడేండ్లు తెలియలేదు. 1979లో యేల్ విశ్వవిద్యాలయమున జోన్ స్టైట్జ్, మైకేల్ లెర్నర్ అనువారు ఆ ప్రతిదేహమునే గాలముగా వైచి, కణకేంద్రమున చిన్న ఆర్.ఎన్.ఏ.లతో గూడిన ప్రోటీను ముద్దలను బయటికి లాగిరి. మఱుసటి యేట ఆ ముద్దలే నకలును కత్తిరించి అతుకు యంత్రభాగములు కావచ్చునని వారు సూచించిరి. అది నిజమయ్యెను.

కావున అతుకులోని తప్పు రోగమునకు దారితీయుట ఒక వైపు. రోగము అతుకుయంత్రముపైననే కత్తి దూయుట మఱియొక వైపు. ప్రపంచమున ఏ ప్రయోగశాలయు చేయలేని పనిముట్టును రోగుల రక్తమే తయారుచేసి యిచ్చినది. నేటికిని లూపస్ నిర్ణయమున ఈ ఎస్.ఎం. పరీక్ష వాడుకలో నున్నది. ఇది రోగులలో కొందఱియందే కనబడును. కనబడినచో మాత్రము లూపస్ అని నిశ్చయించుటకు బలమైన సాక్ష్యము.

ఇందొక హెచ్చరిక యవసరము. అతుకులోని తప్పే ఆటోఇమ్యూన్ వ్యాధులన్నిటికిని మూలమని మేము చెప్పుటలేదు. ఐపెక్స్ వంటి యరుదైన రోగములలో ఒక్క దోషమే చాలును. లూపస్, కీళ్లవాతము, మధుమేహము వంటివానిలో ఇట్టి చిన్న భేదములు పెక్కు గలసి, పరిసరముల దెబ్బయు తోడై, రోగమునకు దారితీయుచున్నవి. ఒకే యక్షరభేదము గలవారిలో ఎక్కువమందికి జన్మమున రోగమే రాదు.

పరదేశపు కుంచము

ఇక మన కర్తవ్యము. నేడు తక్కువ వెలకు జరుగు జన్యుపరీక్షలలో ఎక్కువభాగము ఎగ్జానులను, వాని యంచులను మాత్రమే చదువును. ఇంట్రాను లోతున నున్న తప్పు వానికి చిక్కదు. పరీక్షలో దోషమేమియు లేదని వ్రాసి యిచ్చిన కాగితమును చూచి రోగము లేదని నిశ్చింత చెందరాదు. అసలు దస్తావేజును చదివినవాడు నకలును గూడ చదివిననే తప్పు బయటపడును. కణములనుండి ఆర్.ఎన్.ఏ. తీసి చదువు పరీక్ష కావలెను.

ఆ పరీక్షకు కావలసిన ప్రమాణములు మన జనులనుండియే రావలెను. 2020లో హైదరాబాదు సి.సి.ఎం.బి., పూనాలోని కె.ఇ.ఎం. ఆస్పత్రి, ఇంగ్లండునందలి ఎక్సెటర్ విశ్వవిద్యాలయము గలసి యొక పరిశోధన ప్రకటించినవి. మధుమేహము మొదటి రకమా, రెండవ రకమా యని తెలిసికొనుటకు ఐరోపావారి జన్యువులను బట్టి తయారైన గణనపద్ధతి మన రోగులయందు పనిచేయునా యని వారు పరీక్షించిరి. పనిచేయును, కాని ఐరోపావారియందు పనిచేసినంత చక్కగా గాదు. పరదేశపు కుంచముతో మన ధాన్యమును కొలువవచ్చును గాని, లెక్కలో తరుగు తప్పదు.

ఈ లోపమును తీర్చుటకు తొలి యడుగు పడినది. 2020లో ఆరంభమైన జీనోమ్ ఇండియా ప్రణాళికలో 20 సంస్థలు గలసి, దేశమునందలి వివిధ జనసమూహములనుండి సుమారు పదివేలమంది జన్యువ్రాతను సంపూర్ణముగా చదివినవి. అందు సి.సి.ఎం.బి. యొకటి. ఆ సమాచారము 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటునకు వచ్చినది. ఇది శ్లాఘనీయము. కాని ఇది అసలు దస్తావేజుల పట్టికయే. మన రోగుల టీ-కణములలో, మూత్రపిండములలో, కీళ్లలో నకళ్లు ఎట్లు అతుకబడుచున్నవో తెలుపు పట్టిక యింకను కావలెను. డి.ఎన్.ఏ. యేండ్లకొలది నిలుచును, ఆర్.ఎన్.ఏ. కొలదిసేపటిలో చెడిపోవును. దానిని తీసినవెంటనే తగిన ద్రవములందుంచి చల్లబఱచి భద్రపఱుపవలెను. ఇది ఆస్పత్రి యొక్కటియే చేయగల పని కాదు. ప్రయోగశాల యొక్కటియే చేయగల పనియు కాదు. రోగి, వైద్యుడు, శాస్త్రజ్ఞుడు మువ్వురును చేయి గలుపవలెను.

ఇట్టి భాండాగారము మనకు చేతగానిది కాదని అత్తాపూరే సాక్ష్యము చెప్పుచున్నది. మూసీనది చెంత, అత్తాపూరు హైదరుగూడలో, సి.సి.ఎం.బి.కి చెందిన లాకోన్స్ అను ప్రయోగశాల కలదు. అంతరించిపోవుచున్న జంతుజాతులను కాపాడుటకై లాల్జీ సింగు సంకల్పించిన ఆ సంస్థను 2007లో రాష్ట్రపతి అబ్దుల్ కలాము జాతికి అంకితము చేసిరి. జింకల, పులుల, సింహముల కణములను, వీర్యమును, డి.ఎన్.ఏ.ను మిక్కిలి శీతలస్థితిలో అక్కడ దాచుచున్నారు. కృష్ణజింకకై, చుక్కలదుప్పికై ఇంత శ్రద్ధ వహించిన నగరము, తన యాడుబిడ్డలను పీడించు వ్యాధుల కణములను సక్రమముగా భద్రపఱుప లేకపోవునా? రోగుల సమ్మతితో, వారి పేర్లు గుప్తముగా నుంచి, మన ఆస్పత్రులును ప్రయోగశాలలును కలసి యిట్టి నిధిని నెలకొల్పవలెనని మా యభిప్రాయము. ప్రభుత్వము ధనమిచ్చుగాక, సంపన్నులును దేవాలయ గోపురములకిచ్చునట్లు దీనికిని కొంత యిత్తురుగాక.

మందును గూర్చి రెండు మాటలు

అతుకును సరిదిద్దు మందు అసాధ్యమను కాలము గడచిపోయినది. వెన్నునరములు క్షీణించు స్పైనల్ మస్క్యులార్ ఆట్రఫీ యను పసివారి రోగమున, విడిపోవుచున్న యేడవ ఖండమును మరల చేర్చునట్లు చేయు నుసినెర్సెన్ అను మందు 2016లో అమెరికాలో అనుమతి పొందినది. దాని వెల సామాన్యునకు అందనిది. ఆటోఇమ్యూన్ వ్యాధులలో కారణములు పెక్కగుటచేతను, రక్షకకణముల చేయి మితిమీఱి కట్టివేసినచో అంటురోగములు పైబడుటచేతను అక్కడ ఈ మార్గము మఱింత కష్టము. అయినను ద్వారము తెఱవబడినది.

అంతవఱకు మనకు దిక్కైన మందులలో ముఖ్యమైనదొకటి తెనుగువాని చేతిమీదుగా వచ్చినదే. యల్లాప్రగడ సుబ్బారావు 1940లో లెడర్లే ప్రయోగశాలలలో చేరి నడపిన పరిశోధనలనుండియే మెథొట్రెక్సేటు వెలువడినది. మొదట అది రక్తపు క్యాన్సరునకై యుద్దేశింపబడినది. 1948లో ఆయన కీర్తిశేషుడయ్యెను. ఆ మందు కీళ్లవాతమునకు 1988లో అమెరికాలో అనుమతి పొంది, నేడు లోకమంతట ఆ రోగమునకు మొదటి మందుగా నిలిచియున్నది. మన అంగళ్లలోను కొద్దిపాటి వెలకు దొరకుచున్నది. అయితే జాగ్రత్త వలయును. కీళ్లవాతమునకు దీనిని వారమునకొక్కసారియే తీసికొనవలెను. పొరపాటున ప్రతిదినము మ్రింగినవారు ప్రాణాపాయమున పడుదురు. గర్భవతులకు ఇది తగదు. బిడ్డను గనగోరువారు ముందుగనే వైద్యునితో చెప్పవలెను. నొప్పి తగ్గినదని తమంతట తాము మందును మానుట, పేరు తెలియని పొడులను నమ్ముట వినాశహేతువులు.

తలిదండ్రులకు మా మనవి యిది. ఈ వ్యాధులు అంటుకొనునవి కావు. పూర్వకర్మ ఫలములును కావు. ఉదయమున లేవగానే గంటకు మించి కీళ్లు పట్టివేయుట, ఎండ తగిలినంతనే ముఖమున ఎఱ్ఱని దద్దులు, కారణము తెలియని జ్వరము, కాళ్లవాపు, నురుగుతో గూడిన మూత్రము కనబడినపుడు జాప్యము చేయక రుమటాలజీ తెలిసిన వైద్యునికి చూపుడు. మూత్రపిండములు చెడకముందు పట్టిన లూపస్, కీళ్లు వంగకముందు పట్టిన వాతము, చికిత్సకు లొంగును. పట్టుకొన్న రోగులలో ఎందఱో పెండ్లియాడి, బిడ్డలను గని, ఉద్యోగములు చేయుచు సుఖముగా నున్నారు. దాచిన రోగమే సంబంధమును, సంసారమును, మనిషిని గూడ చెఱచును.

కంచె చేనును మేయుచున్నదని తెలిసిన రైతు కంచెను కాల్చివేయడు. కంచె లేనిచో ఊరి పశువులన్నియు పైరుపై బడును. ఎక్కడ కట్టు తప్పినదో వెదకి, అక్కడ సరిచేయును. ఆ కట్టు తప్పిన చోట్లలో ఒకటి నకలు అతుకబడు చోటనేయని శాస్త్రము చూపినది. దానిని మన రోగులయందు, మన ప్రయోగశాలలలో వెదకుట ఇక మన పని.